రేగడిదారిలో పాదరక్షలు

మంచుదేశాలవారి శీతకాలపు వినోదాలలో 'స్కీ' ఆట ఒకటి. పొడవైన సన్నని పలకలను కాళ్ళకు బిగించుకొని మంచుకొండల వాలుమీదుగా జారుతూ దిగిరావటమే ఈ ఆట. పలక కాలితో ఏకమై కదలాలి కాబట్టి ఆటగాడు తొడిగే జోడు చాలా బిరుసుగా, చీలమండను కదలనీయకుండా పట్టివేసేటట్లు ఉంటుంది. వాలుమీద అది రక్షణ, చదునునేలమీద సంకెల. అందువల్ల ఆట ముగియగానే ఆ బిరుసుజోడు విప్పి, ఇంటికి నడిచిపోవటానికి వేరొక మెత్తని, వెచ్చని జోడు తొడుక్కోవటం అక్కడివారి అలవాటు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలలో మంచూ లేదు, జారే పలకలూ లేవు. కాని పనికి ఒకటి, ఇంటిదారికి ఒకటి అన్న ఏర్పాటు మాత్రం ఇక్కడ ఎంతో కాలంగా ఉన్నది. తేడా అల్లా, ఇక్కడ పనిలో కాలికి ఏమీ ఉండదు. చెప్పులు గట్టుమీద విడిచి చేలో దిగుతారు. పొద్దువాలే వేళకు కాళ్ళు కడుక్కొని, విడిచిన చెప్పులు తొడుక్కొని ఊరిదారి పడతారు. ఇది చెప్పులున్నవారి సంగతి. లేనివారూ ఉన్నారు, ఉండీ చేతపట్టుకొని నడవవలసి వచ్చినవారూ ఉన్నారు. వారిని విడిచి పాదరక్షల చరిత్ర రాయటం సాధ్యం కాదు.

ముందు నేల సంగతి చూద్దాం. ఇంగ్లీషు భూగర్భశాస్త్ర గ్రంథాలలో నల్లనేలకు 'రెగర్' అని ఒక పేరు కనిపిస్తుంది. అది మన 'రేగడి'యే. దొరల నోట పడి అట్లా మారింది. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం పాలు హెచ్చు. మొదట ఫ్రాన్సులోని మాంట్‌మోరిల్లాన్ అనే ఊరివద్ద దీనిని గుర్తించటంచేత ఆ పేరు వచ్చింది. పేకముక్కలను దొంతరగా పేర్చినట్లు అతి పలుచని పొరలు ఒకదానిపై ఒకటి ఉండటం దీని నిర్మాణం. ఆ పొరల సందులలోకి నీరు చొచ్చుకొనిపోతే దొంతర ఉబ్బుతుంది. నీరు ఆవిరైపోతే మళ్ళీ కుంచించుకొంటుంది. వేసవిలో మన చేలు కాలు దూరేటంత నెర్రెలు విచ్చేది అందువల్లనే. పాఠకులు ఇంటివద్దనే చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. బాగా ఎండిన రేగడిపొడిని గాజుగ్లాసులో నాలుగోవంతు వరకు పోసి, మట్టం దగ్గర గీత గీసి, నెమ్మదిగా నీరు పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లవారేసరికి మట్టి గీతను దాటి పైకి వచ్చి ఉంటుంది. పక్కనే మరో గ్లాసులో బాపట్ల ఇసుకను పెడితే అది ఉన్నచోటనే ఉంటుంది.

తడిసిన రేగడిలో చెప్పులతో నడవటం ఎందుకంత కష్టం? చెప్పు అడుగు చదునైన పలక. మెత్తని బురదలో దిగినప్పుడు దాని కిందినుండి గాలి అంతా బయటికి పోతుంది. కాలెత్తేటప్పుడు ఆ ఖాళీలోకి గాలి చొరబడటానికి సందు ఉండదు. అప్పుడు పైనున్న వాతావరణపు ఒత్తిడి చెప్పును కిందికి అదిమి పెడుతుంది. వట్టికాలు అట్లా కాదు. వేళ్ళు విచ్చుకొంటాయి, అరికాలు వంగుతుంది, మడమ ముందుగా లేస్తుంది. గాలికి దారి దొరుకుతుంది. పైగా జిగటమన్ను చెప్పును అంటుకొని అడుగడుగుకూ పేరుకుపోతుంది. వీపున మోసే బరువుకంటే పాదాన మోసే బరువు మనిషిని ఎంతో ఎక్కువ అలసట పెడుతుందని శరీరధర్మ శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. ఖర్చయ్యే శక్తి నాలుగైదు రెట్లకు పైగానే ఉంటుంది. చెరొక అరకిలో మన్ను చెప్పులకు పట్టిందంటే ఆ మనిషి నాలుగైదు కిలోల మూట నెత్తుకొన్నట్లే. చెప్పులు గట్టున విడవటం బీదరికంవల్లనో అజ్ఞానంవల్లనో అనుకొనే పట్టణవాసులు ఒక్కసారి శ్రావణమాసంలో పత్తిచేలో పది అడుగులు వేస్తే చాలు.

కాని అదే నేల ఎండితే శత్రువవుతుంది. వానకు పశువులు తొక్కిన డొక్కదారి ఎండేసరికి గిట్టల అంచులు రాతిపలుకులవలె గట్టిపడతాయి. అప్పుడు చెప్పులు లేక తప్పదు. నల్లనేలకూ పాదరక్షకూ ఉన్న ఈ పొత్తును గుర్తించిన ప్రాచీన గ్రంథం, నేనెరిగినంతలో, బౌద్ధుల వినయపిటకం. భిక్షువుల నియమాలను చెప్పే ఆ పిటకంలోని మహావగ్గంలో తోలు వస్తువులకే ఒక అధ్యాయం కేటాయించబడింది. దానిలో రెండు కథలు ఉన్నవి.

చంపానగరానికి చెందిన సోణ కోళివీసుడనే ధనికుని కొడుకు అతిసుకుమారుడు. అతని అరికాళ్ళలో రోమాలు మొలిచి ఉండేవని చెబుతారు. అతడు భిక్షువై, నడుస్తూ ధ్యానం చేసే చోట పాదాలు చిట్లి రక్తం కారేదాకా నడిచాడు. బుద్ధుడు ఆ దారిని చూసి, నీవు ఒంటిపొర చెప్పులు తొడుక్కోవచ్చునని అనుమతించాడు. సోణుడు ఒప్పుకోలేదు. ఇంత సంపద విడిచివచ్చి చెప్పులకు ఆశపడినాడని లోకం అంటుంది, సంఘానికంతటికీ అనుమతిస్తే నేనూ తొడుగుతానన్నాడు. బుద్ధుడు అందరికీ అనుమతించాడు. ఒక్కనికి కాక అందరికీ కావాలని అడిగిన ఆ సుకుమారుని మాట నాకు చాలా ఇష్టం.

రెండవ కథ మనకు మరింత దగ్గరిది. అవంతిదేశంలో, అంటే ఉజ్జయిని ప్రాంతంలో, మహాకాత్యాయనుడనే శిష్యుడు ఉండేవాడు. ఆయన మరొక సోణుని, సోణ కుటికణ్ణుని, బుద్ధునివద్దకు పంపుతూ కొన్ని సడలింపులు కోరాడు. వాటిలో ఒకటి చెప్పులను గురించినది. అవంతి దక్షిణాపథంలో నేల నల్లనిది, కరకుది, పశువుల గిట్టలతో గుంటలు పడినది. ఒంటిపొర చెప్పు అక్కడ చాలదు, పలుపొరల చెప్పులకు అనుమతి కావాలని ఆ విన్నపం. గంగామైదానపు మెత్తని ఒండ్రునేలకు చేసిన నియమం నల్లనేలకు కుదరదన్నమాట. బుద్ధుడు సరిహద్దుదేశాలన్నిటికీ ఆ సడలింపునిచ్చాడు. మాళవపు నల్లనేలా మన రేగడీ ఒకే జాతివి. ధాన్యకటకం, భట్టిప్రోలు, నాగార్జునకొండ విహారాలలో నివసించిన భిక్షువులు ఇటువంటి నేలమీదనే తిరిగారు. అయితే అమరావతి శిల్పులు సున్నపురాతిపై చెక్కిన బుద్ధపాదాలకు చెప్పులు లేవు, చక్రాలున్నవి, శుభచిహ్నాలున్నవి.

ఈ చెప్పులు తయారయ్యే పద్ధతి ఏమిటి? పచ్చితోలు ఎండితే చెక్కవలె బిగుసుకుంటుంది, తడిస్తే కుళ్ళుతుంది. దానిలోని ముఖ్యపదార్థం కొల్లాజెన్ అనే మాంసకృత్తు. మూడు పేటల తాడువలె అల్లుకొన్న పోగులు అవి. తోలును ముందు సున్నపునీటిలో నానవేసి వెంట్రుకలు వదిలించి, మాంసపు పొరను గీకివేసి, ఆ తరువాత తంగేటిచెక్క, తుమ్మచెక్క, కరక్కాయల కషాయంలో నానబెడతారు. ఆ కషాయంలోని వగరుపదార్థం టానిన్. అది కొల్లాజెన్ పోగులమధ్య చేరి వాటిని పట్టి ఉంచుతుంది. సూక్ష్మజీవులకు తినటానికి వీలులేకుండా చేస్తుంది. కరక్కాయ కొరికినప్పుడు నాలుక ముడుచుకుపోయినట్లు అనిపించటం మనకు తెలుసు. నాలుకమీద జరిగేదీ తోలుపై జరిగేదీ దాదాపు ఒకటే రసాయన చర్య. ఈ పనికి వాడే తొట్టిని మన మాదిగలు 'లంద' అంటారు. తోలు లందలో వారాల తరబడి ఊరాలి. ఎప్పుడు తీయాలో చెప్పే కొలత ఏదీ లేదు. అంచు కోసి, కోతలో రంగు లోపలిదాకా పట్టిందో లేదో కంటితో చూసి నిర్ణయిస్తారు. ఇది చదువని రసాయనశాస్త్రం.

అట్లా తయారైన తోలును రెండు మూడు పొరలుగా పేర్చి, ఆరెతో తూట్లు పొడిచి, తోలువారుతోనే కుట్టిన చెప్పులు కిర్రుచెప్పులు. నడిచేటప్పుడు పొరలు ఒకదానితో ఒకటి ఒరుసుకొనటంవల్ల ఆ శబ్దం పుడుతుంది. మోతుబరి వస్తున్నాడని వీధికంతకూ తెలిసేది. కొత్తలో అవి కాలిని కరుస్తాయి కాబట్టి ఆముదం పట్టించి మెత్తబరచటం ఆచారం; నూనె పోగులమధ్య చేరి వాటిని తేలికగా కదలనిస్తుంది. రైతుకు ఏటా చెప్పులజోడు, ఎడ్లకు వారులు, చెర్నాకోల, బావికి మోటతోలు, తొండం ఇచ్చి మాదిగవాడు కళ్ళంవద్ద ధాన్యంలో మేర పుచ్చుకొనేవాడు. చచ్చిన పశువు కళేబరం అతనిది. కూలి డబ్బుగా కాక గింజగా ముట్టే ఆ ఏర్పాటులో, పంట పోయిన ఏడు అతని కష్టమూ పోయినట్లే.

ఇక ఈ చరిత్రలో చేదుభాగం. చెప్పులు కుట్టినవాడు తాను కుట్టిన చెప్పులతో ఊరివీధిలో నడవకూడదు. పెద్దకులాలవారి ఇళ్ళముందు వచ్చేసరికి విడిచి, చేతపట్టుకొని, వీధి దాటినతరువాత తొడుక్కోవాలి. ఇది తెలుగుదేశంలో ఎన్నో గ్రామాలలో, తరాలపాటు, రాయని శాసనంగా నడిచింది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ 1941లో ప్రకటించిన 'గబ్బిలం' కావ్యానికి చెప్పులు కుట్టి బ్రతికే అరుంధతీసుతుని కథానాయకునిగా ఎన్నుకొన్నాడంటే దానికి ఈ నేలమీది అనుభవమే పునాది. రాజ్యాంగం 17వ అధికరణంలో అస్పృశ్యతను రద్దు చేసింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976లో అదే పౌరహక్కుల రక్షణ చట్టమైంది. 1989 నాటి షెడ్యూల్డు కులాల, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించి, 2016 జనవరి 26 నుండి అమలులో పెట్టారు. ఆ సవరణలో నేరాల పట్టికలో ఒకటి: షెడ్యూల్డు కులస్థులను, తెగలవారిని బహిరంగ ప్రదేశాలలో చెప్పులు తొడుక్కోనీయకుండా అడ్డగించటం. సైకిలెక్కటం, కొత్తబట్టలు కట్టటం కూడా ఆ వాక్యంలోనే ఉన్నవి. ఇరవయ్యొకటవ శతాబ్దంలో పార్లమెంటు ఈ మాట ప్రత్యేకించి రాయవలసి వచ్చింది!

తోలుపని కులంతో ముడిపడినందువల్ల విజ్ఞానానికి జరిగిన నష్టం తక్కువది కాదు. పని తెలిసినవానికి చదువు లేదు, చదివినవాడు లంద దరిదాపులకు రాడు. ఇంతలో విదేశాలు ముందుకు పోయాయి. 1884లో న్యూయార్కులో ఆగస్టస్ షుల్ట్జ్ క్రోమియం లవణాలతో తోలు ఊనే పద్ధతికి పేటెంటు పొందాడు. 1893లో మార్టిన్ డెన్నిస్ దానిని ఇంకా సులభం చేశాడు. వారాలపని గంటలలోకి వచ్చింది. తంగేటిచెక్కతో ఊనిన తోలును మరిగే నీటిలో వేస్తే ముడుచుకుపోతుంది, క్రోముతోలు చలించదు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో ఈ పద్ధతిని ప్రవేశపెట్టాడు. నీటిలో నానినా పాడుకాని ఈ తోలు మోటలకు పనికివస్తుందన్నది ఆయన ఆశలలో ఒకటి. తరువాత ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చి మోటలనే మూలపడవేశాయి. మాదిగవాని మేరలో పెద్దభాగం వాటితోనే పోయింది.

1948లో మద్రాసులో కేంద్ర చర్మపరిశోధనాలయం ఏర్పడింది. 1958లో దానికి డైరెక్టరైన యలవర్తి నాయుడమ్మ తెనాలి దగ్గరి యలవర్రు గ్రామంలో 1922లో రైతుకుటుంబంలో పుట్టినవాడు. కాశీ విశ్వవిద్యాలయంలో రసాయన సాంకేతికశాస్త్రం, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చదివి, తోలునే తన శాస్త్రంగా ఎన్నుకొన్నాడు. మాగాణిరైతు బిడ్డ తోలుపనికి పోవటం ఆనాటికి చిన్న సంగతి కాదు. ప్రయోగశాలలో తెలిసినది లందవద్ద కూర్చున్నవానికి అందాలన్నది ఆయన పట్టుదల. ముడితోళ్ళను విదేశాలకు అమ్మి చెప్పులు కొనుక్కొనే దేశం, చెప్పులే చేసి అమ్మే స్థితికి రావటంలో ఆ సంస్థ చేసిన సేవ పెద్దది. 1971లో ఆయన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలికి అధిపతి అయ్యాడు. 1985 జూన్ 23న అట్లాంటిక్ సముద్రంమీద పేలిపోయిన కనిష్క విమానంలో మరణించాడు.

విచిత్రమేమంటే, కూలివాని కాలికి చెప్పు తొడిగినది చివరకు తోలు కాదు, రబ్బరు. 1839లో గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును గట్టిపరచే విధానం కనుగొన్నాడు. చెకోస్లొవేకియానుండి వచ్చిన బాటా సంస్థ 1930ల తొలినాళ్ళలో కలకత్తా దగ్గర కొన్నగరులో పని ప్రారంభించి, తరువాత బాటానగరు కట్టుకొన్నది. జపానువారి గడ్డిచెప్పు నమూనాలో బొటనవేలి సందున పట్టీతో వచ్చిన రబ్బరుచెప్పు రెండవ ప్రపంచయుద్ధం తరువాత లోకమంతా పాకింది. మనకు హవాయి చెప్పుగా వచ్చింది. పాతటైర్లు కోసి కుట్టిన టైరుచెప్పులు మరోవైపు. ఇవి తడిసినా పాడుకావు, ఆముదం అడగవు, అన్నిటికంటే ముఖ్యంగా చవుక. దీనికి మూల్యం చెల్లించినవాడు చెప్పులు కుట్టేవాడు. చేయటం పోయి, తెగినవి అతకటం అతనికి మిగిలింది.

హవాయి చెప్పుకూ రేగడికీ మాత్రం పొసగదు. పైన చెప్పిన వాతావరణపు ఒత్తిడి ఇక్కడ పట్టీగుండీని తూటులోనుండి లాగివేస్తుంది. గుండీ కింద పిన్నీసు గుచ్చి నడిచేవారిని చూడని పాఠకుడు ఉండడు. మడమవద్ద పట్టీ లేనందువల్ల బురదను వెనుకనుండి వీపుదాకా చిమ్ముతుంది కూడా.

అసలు చెప్పు అవసరమా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. కస్తూర్బా వైద్యకళాశాలకు చెందిన ఉదయభాస్కరరావు, బెంజమిన్ జోసెఫ్ అనే వైద్యులు 2300 మంది పిల్లల పాదముద్రలను పరీక్షించి 1992లో ప్రకటించిన ఫలితాలు ప్రసిద్ధమైనవి. పాదరక్షలు వాడే పిల్లలలో చదునుపాదం నూటికి 8.6 మందికి ఉంటే, వట్టికాళ్ళతో తిరిగేవారిలో 2.8 మందికే ఉన్నది. మూసిన బూట్లవారిలో ఇది మరీ హెచ్చు. వట్టినడక పాదపు కండరాలను బలపరుస్తుందనే అనుకోవాలి. కాని పాదానికి ఆకారం ఒక్కటే కాదు గదా కావలసినది. కొంకిపురుగు పిల్లలు తడినేలనుండి చర్మంగుండానే శరీరంలో దూరుతాయని కైరోలో ఆర్థర్ లూస్ 19వ శతాబ్దం చివర కనుగొన్నాడు. వాటికి నల్లబంకనేలకంటే ఇసుకపాలు గల తడినేల అనుకూలం. కాబట్టి మన జిల్లాలలో సముద్రతీరపు ఇసుకపర్రలవారు మెట్టరైతుకంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కుష్ఠురోగులకు స్పర్శ పోయినందువల్ల గాయం తెలియక, దానిమీదనే నడవటంచేత పాదాలు పుండ్లు పడతాయని వెల్లూరులో పాల్ బ్రాండు నిరూపించాడు. మందుతోపాటు మెత్తని సూక్ష్మరంధ్ర రబ్బరుతో చేసిన చెప్పులు వారి కాళ్ళను నిలిపాయి. ఈనాడు మధుమేహంవల్ల అరికాలి స్పర్శ తగ్గినవారికీ ఇదే అవసరం. అటువంటివారు గట్టున చెప్పులు విడిచి చేలో దిగటం ప్రమాదకరం. అది సత్తెకాలపు అలవాటని సరిపెట్టుకోరాదు.

ఇక ఎండ, మిరప. వైశాఖమాసంలో నల్లనేల పైపొర మధ్యాహ్నానికి 60 డిగ్రీలకు చేరటం అరుదు కాదు. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనేవారు చేసిన ప్రయోగాలలో 44 డిగ్రీలవద్ద చర్మం కాలటానికి సుమారు ఆరుగంటలు పడితే, 60 డిగ్రీలవద్ద అయిదు సెకండ్లు చాలింది. అరికాలి మందపు చర్మం కొంత ఓర్చుకొంటుందిగాని ఊరు దూరమైతే ఓర్పుకూ హద్దున్నది. మిరపకళ్ళాలలో కాయలను కాళ్ళతో తిరగదోసే స్త్రీల పాదాలకు ఈ ఎండకు తోడు కారపు మంట. ఈ రెండూ వేర్వేరు బాధలని మనం అనుకొంటాం. 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనుగొన్న దానిప్రకారం నరాల చివర ఒకే ద్వారం 43 డిగ్రీలు దాటిన వేడికీ, మిరపలోని కాప్సైసిన్‌కూ తెరుచుకొంటుంది. ఆయనకు 2021లో నోబెల్ బహుమానం వచ్చింది. మిరప మంటను 'మంట' అన్న మన భాషలో ఎంత నిజమున్నదో చూడండి. ఒక పూట కళ్ళంలో పనిచేసిన పాదానికి సాయంత్రం గోరువెచ్చని దారి కూడా నిప్పులవలె తోచటానికి కారణం ఇదే: కారం తగిలిన ద్వారం ఇంకా తక్కువ వేడికే తెరుచుకొంటుంది.

కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి కళ్ళం వదిలేటప్పుడు వట్టి నీళ్ళతో కాళ్ళు కడిగితే మంట పోదు, వేళ్ళసందులకు పాకుతుంది. ముందు కొద్దిగా వంటనూనె పాదాలకు, మడమల పగుళ్ళకు రుద్ది గుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బుతోనో కుంకుడురసంతోనో చన్నీళ్ళతో కడిగి, వేళ్ళసందులు ఆరనిచ్చి చెప్పులు తొడుక్కోవాలి. చెప్పుల పట్టీలకు అంటిన కారం కూడా అట్లాగే తుడిచివేయాలి. లేకపోతే ఊరు చేరేసరికి కడిగిన కాలికి అది మళ్ళీ అంటుకొంటుంది.